డెంగీ తగ్గింది, నీరసం తగ్గలేదు: క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ మీద పరిశోధన ఎంతవరకు వచ్చింది?

శ్రీను_రాయగడ:
అందరికీ నమస్కారం. మా ఆవిడ గురించి అడుగుతున్నాను. నిరుడు వానాకాలంలో తనకి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది గానీ గండం గట్టెక్కింది. జ్వరం పోయింది, నీరసం మాత్రం పోలేదు. రాత్రంతా పడుకున్నా పొద్దున్న లేచేసరికి కంటి మీద కునుకు పడనట్టే ఉంటోంది. పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి, మొన్న పాలవాడి లెక్క రాస్తూ మధ్యలో ఆగిపోయింది. పెన్ను అలాగే పట్టుకుని "ఏ నెలది రాస్తున్నాను?" అని నన్నే అడిగింది.

ఇక్కడ చూపించాం, విశాఖ కూడా తీసుకెళ్ళాం. రిపోర్టులన్నీ నార్మల్ అన్నారు. ఒక డాక్టరు సెలైన్ ఎక్కించి బలానికి ఇంజెక్షన్లు రాశారు. ఇంకొకాయన "మనసులో ఏదో పెట్టుకుంది, రోజూ అరగంట నడిపించండి" అన్నారు. నడిపించాను. నడిచిన పూట బాగానే ఉంది. మర్నాడు సాయంత్రానికి గొంతు నొప్పి, ఒళ్ళంతా సలుపులు. కిటికీ తలుపు తీస్తే వెలుతురు ఓర్చుకోలేకపోయింది, మంచం దిగలేదు. కాస్త కోలుకున్నాక మళ్ళీ నడిపిస్తే మళ్ళీ అదే. మా అమ్మ పైకి ఏమీ అనదు గానీ ఇంట్లో అందరికీ టెన్షన్‌గానే ఉంది.

నెట్‌లో వెతికితే క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే జబ్బు పేరు కనబడింది. ఇది నిజంగా జబ్బేనా? మందు ఉందా? చదివినవాళ్ళు, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

సుజాత_జయపురం:
శ్రీను తమ్ముడూ, నేను నర్సుని. మనిషిని చూడకుండా ఫలానా జబ్బు అని చెప్పను. కానీ నడిచిన మర్నాటి సంగతి రాశావు చూడు, డాక్టరుకి ముందుగా చెప్పాల్సింది అదే.

2015లో అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి ఈ జబ్బుని గుర్తించే పద్ధతి ఒకటి ఇచ్చింది. ఇంతకుముందు చేసుకునే పనులు చేయలేనంత అలసట ఆరు నెలలు దాటి ఉండాలి. చిన్న శ్రమ చేసినా ఆ తర్వాత ఒళ్ళు కుప్పకూలాలి, అది కొన్ని గంటలు ఆగి గానీ మర్నాడు గానీ రావచ్చు. నిద్రపోయినా సేదతీరినట్టు ఉండకూడదు. ఈ మూడూ ఉండి, వీటికి తోడు బుర్ర మొద్దుబారడమో, నిలబడితే కళ్ళు తిరగడం, గుండె దడ లాంటివో ఉండాలి. శ్రమ తర్వాత కుప్పకూలడాన్ని పి.ఇ.ఎమ్. అంటారు. మామూలు నీరసానికీ దీనికీ ప్రధానమైన తేడా అదే.

ఇంకో మాట. "రిపోర్టులన్నీ నార్మల్" అన్నావు, ఏయే రిపోర్టులు? మన కోరాపుట్, రాయగడ వైపు మనిషికి ఏడాదిగా నీరసం అంటే నేను ముందు సికిల్ సెల్, టీబీ, మలేరియా అడుగుతాను. థైరాయిడ్, షుగర్, బి12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) కూడా చూడాలి. హిమోగ్లోబిన్ సరిపడా ఉన్నా ఫెరిటిన్ అడుగంటిన ఆడవాళ్ళు ఉంటారు. వీటికి మందు ఉంది. మందు ఉన్నదాన్ని వదిలేసి లేనిదాని వెంట పడకూడదు కదా.

శ్రీను_రాయగడ:
అక్కా, సి.బి.సి., థైరాయిడ్, షుగర్, లివర్, ఛాతీ ఎక్స్‌రే చేశారు. బి12, ఫెరిటిన్, సికిల్ సెల్ చేయలేదు. ఈ వారమే చేయిస్తాను.

సుజాత_జయపురం:
సికిల్ సెల్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఒడిశా కూడా ఉంది. ప్రభుత్వాసుపత్రిలో అడుగు. పరీక్షలో వాహకురాలని మాత్రమే వస్తే, ఇంత నీరసానికి సాధారణంగా అది కారణం కాదు. అది చూసి వెతకడం ఆపేయొద్దు.

ప్రసాద్_గుణుపూర్:
నాదొక మాట. కోవిడ్ తర్వాత నాకూ విపరీతమైన నీరసం ఉండేది. మొదట వీధి చివరిదాకా, తర్వాత స్టేషన్ దాకా నడిచాను. నెమ్మదిగా తగ్గింది. వదినగారిది కూడా వాడకం లేక కండలు పట్టు తప్పడమేమో. భయపడి పడుకోబెడితే ఇంకా చిక్కిపోతారు. వ్యాయామం మానేయడం మాత్రం మంచిది కాదని నాకనిపిస్తుంది.

విశ్వనాథం_మేష్టారు_బరంపురం:
ప్రసాద్ బాబూ, నువ్వు చెప్పింది నీ ఒంటి విషయంలో నిజమే. నడిచిన మర్నాడు నువ్వు మంచాన పడలేదు. ఆ అమ్మాయి పడింది. ఇక్కడే దారులు వేరవుతాయి. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్ల వైద్యలోకం చాలా ఏళ్ళు వృథా చేసింది, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా ఇంట్లో దగ్గరి మనిషికి ఈ జబ్బు ఉంది, అందుకే దీని గురించి వెతికి చదువుతుంటాను.

1955లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులతో సహా చాలామంది ఒకేసారి జబ్బుపడ్డారు. మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్ అనే పేరు ఆ తర్వాతే వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. అని రాస్తున్నదాంట్లో ముందు భాగం అదే, వెనక భాగం క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. 1970లో ఇద్దరు మానసిక వైద్యులు రోగులెవరినీ కొత్తగా పరీక్షించకుండా, పాత కాగితాలు చూసి అదంతా మూకుమ్మడి హిస్టీరియా అని రాశారు. ఎక్కువమంది ఆడవాళ్ళు కావడం కూడా వాళ్ళు చూపిన ఒక కారణం. ఆ ముద్ర ఇప్పటికీ పూర్తిగా చెరగలేదు.

2011లో బ్రిటన్‌లో పేస్ అనే పెద్ద ట్రయల్ ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. 641 మంది రోగులు. మెల్లమెల్లగా వ్యాయామం పెంచుకుంటూ పోతే, లేదా సి.బి.టి. అనే మాటల చికిత్స ఇస్తే మేలు జరుగుతుందని తేల్చారు. ప్రపంచమంతా డాక్టర్లు అదే చెప్పారు. రోగులు మాత్రం "మాకు ఇంకా ఎక్కువవుతోంది" అని మొత్తుకున్నారు. ఆ డేటా బయటపెట్టాలని ఒక రోగి సమాచార హక్కు చట్టం కింద పట్టుబట్టాడు. చివరికి 2016లో ట్రిబ్యునల్ తీర్పుతో బయటికి వచ్చింది. కోలుకున్నట్టు లెక్కగట్టే కొలతలను మొదట రాసుకున్నదానికంటే తర్వాత సడలించారు. శారీరక సామర్థ్యం స్కోరు నూటికి 65 లేదా అంతకన్నా తక్కువ ఉంటే జబ్బు మనిషిగా చేర్చుకున్నారు, అదే స్కోరు 60 వస్తే ఆ కొలతలో కోలుకున్నట్టే రాశారు. అంటే చేరినప్పటికంటే దిగజారినా ఆ ఒక్క కొలత దాటిపోవచ్చు! మొదట రాసుకున్న కొలతలతో మళ్ళీ లెక్క కడితే, కోలుకున్నవాళ్ళ సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా నిలవలేదు.

2021 అక్టోబరులో బ్రిటన్‌లో డాక్టర్లకి చికిత్సా పద్ధతులు సూచించే నైస్ సంస్థ తన మార్గదర్శకాలు మార్చింది. 2007లో తనే సిఫారసు చేసిన ఆ వ్యాయామ పద్ధతిని ఈ రోగులకు ఇవ్వొద్దని రాసింది. సి.బి.టి.ని జబ్బు నయం చేసే చికిత్సగా కాకుండా, జబ్బుతో బతకడానికి తోడ్పాటుగా మాత్రమే ఉంచింది. శ్రీనూ, నడిపించమన్న డాక్టరు చెడ్డవాడు కాకపోవచ్చు. పాత పాఠం చదివాడు.

ప్రసాద్_గుణుపూర్:
మేష్టారూ, ఈ సంగతి నాకు తెలీదు. కానీ ఒక ప్రశ్న. శ్రమ చేస్తే ఒంట్లో ఏదో చెడుతోందని ఎవరైనా కొలిచి చూపించారా, రోగి చెప్పిందేనా?

విశ్వనాథం_మేష్టారు_బరంపురం:
మంచి ప్రశ్న. కొలిచారు. మాస్కు పెట్టి సైకిల్ తొక్కించి ఆక్సిజన్ ఎంత వాడుకుంటున్నారో చూసే పరీక్ష ఉంది. అది వరసగా రెండు రోజులు చేస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, కూర్చుని కూర్చుని పట్టు తప్పినవాళ్ళు కూడా రెండో రోజు దాదాపు మొదటి రోజులాగే చేస్తారు. ఈ రోగుల్లో చాలామందికి రెండో రోజు అంకెలు పడిపోతాయని పలు బృందాలు చూపించాయి. అయితే తీవ్రంగా ఉన్నవాళ్ళకి ఈ పరీక్షే హాని చేస్తుంది. మన ఇంటివాళ్ళ మీద ప్రయోగం చేయకూడదు.

2024లో ఆమ్‌స్టర్‌డామ్ బృందం ఇంకా లోపలికి వెళ్ళింది. లాంగ్ కోవిడ్‌తో పాటు ఈ కుప్పకూలే లక్షణం ఉన్న 25 మందిని, ఆరోగ్యవంతులు 21 మందిని సైకిల్ తొక్కించి, అంతకుముందు, ఆ మర్నాడు తొడ కండరం ముక్క తీసి చూశారు. రోగుల కండరాల్లో మైటోకాండ్రియా (కణాలకి శక్తి తయారుచేసే భాగాలు) పనితనం తగ్గింది, కణజాలం దెబ్బతిన్న గుర్తులు పెరిగాయి. మంచాన పడుకోవడం వల్ల వచ్చే మార్పులతో ఇది పూర్తిగా సరిపోలదని వాళ్ళ వాదన. చిన్న అధ్యయనమే, నిజమే. కానీ "అంతా మనసే" అనేవాళ్ళకి చూపించదగ్గది.

మీనా_కోరాపుట్:
నేను గ్రామాల్లో ఆరోగ్య కార్యక్రమాల్లో పనిచేస్తాను. రెండో వైపు కూడా రాయాలి. 2005లో బి.ఎమ్.జె. అనే బ్రిటిష్ వైద్య పత్రికలో గోవా నుంచి ఒక సర్వే వచ్చింది. 18 నుంచి 50 ఏళ్ళ ఆడవాళ్ళు 2494 మందిని అడిగితే నూటికి 12 మంది ఆరు నెలలకు పైగా అలసట ఉందన్నారు. ఆ అలసటకి హిమోగ్లోబిన్‌తో కన్నా పేదరికం, మొగుడి హింస, మనోవేదన లాంటివాటితో ఎక్కువ సంబంధం కనబడింది. వాళ్ళందరికీ ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. ఉందని కాదు. నీళ్ళు మోసి, పొలం పని చేసి, అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషి అలసిపోతుంది. ఆమెకి కావలసిన సాయం వేరు.

డిప్రెషన్ కూడా అంతే. అది నిజమైన జబ్బు, దానికి చికిత్స ఉంది. డిప్రెషన్‌లో చాలామందికి ఏ పనీ చేయబుద్ధి కాదు. ఈ జబ్బులో చేయాలని ఉంటుంది, ఒళ్ళు లేవదు. చేస్తే ఆ తర్వాత దెబ్బ పడుతుంది. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. మా ఊళ్ళలో ఆడమనిషి నీరసం అంటే పట్టించుకునే నాథుడు లేడు. పట్టించుకున్నప్పుడైనా అన్నీ ఒకే గాటన కట్టకుండా చూడాలని నా తాపత్రయం.

నిర్వాహకుడు:
ఒక పౌడరు అమ్మకం పోస్టు తీసేశాను. ఈ చర్చలో అమ్మకాలు వద్దు, దయచేసి.

భాను_పర్లాకిమిడి:
శ్రీను అన్నయ్యా, నాకు ఈ జబ్బు ఉంది. చాలా ఏళ్ళ కిందటి మాట, కామెర్లతో మొదలైంది. మందుల సంగతి మేష్టారు చెబుతారు. నేను రోజు ఎలా గడుపుతానో చెబుతాను. దీన్ని పేసింగ్ అంటారు, నైస్ వాళ్ళు రాసిన శక్తిని పొదుపుగా వాడుకోవడం కూడా ఇదే.

ఎండాకాలం బావిలో ఊరినంతే తోడుకోవాలి, అడుగు దాకా తోడితే మర్నాడు బురదే వస్తుంది. నేను స్నానం ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని చేస్తాను. తలస్నానం చేసిన రోజు వంట చేయను. కూరలు మంచం మీద కూర్చుని తరుగుతాను, పొయ్యి దగ్గర కూడా ఎత్తు స్టూలే. పని మధ్యలో అలసట రాకముందే పడుకుంటాను, వచ్చాక పడుకుంటే లాభం లేదు. ఫోను మాట్లాడడం, లెక్కలు చూడడం, చుట్టాలొచ్చి కూర్చోవడం కూడా శ్రమలోకే వస్తాయి. ఇది ఇంట్లోవాళ్ళకి ఎక్కించడమే కష్టం. అన్నిటికంటే ప్రమాదం బాగున్న రోజు. ఆ రోజు ఇల్లంతా దులిపేయాలనిపిస్తుంది. ఆ సరదా తీర్చుకుంటే వారం పోతుంది.

ఈసారి రథయాత్రకి ముందు నుంచే వంట మా ఆయన చూసుకున్నాడు. నేను చుట్టాలింటి అరుగు మీద కూర్చుని రథం చూసి, వెంటనే వచ్చి పడుకున్నాను. మర్నాడు మంచం పట్టలేదు. అలా అని జబ్బు తగ్గిందనుకోకండి. దిగజారకుండా ఉన్నాను, అంతే.

వదినని ఒక చిన్న పుస్తకంలో ఏ పూట ఏం చేసిందో, ఆ తర్వాతి రెండు రోజులు ఎలా ఉందో రాయమనండి. రాయలేకపోతే మీరు రాయండి. డాక్టరుకి రిపోర్టుల కంటే అది ఎక్కువ చెబుతుంది.

లక్ష్మి_సిరొంచ:
నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా. మా చెల్లెకు చికున్‌గున్యా వచ్చి పోయినంక ఇదే తీరుగ ఉంది. వంతెన దాటి వరంగల్ దాక తీసుకపోయినం. నిలబడితే గుండె దడదడ కొట్టుకుంటది, పడుకుంటే తగ్గుతది. చికున్‌గున్యాకు దీనికి సంబంధం ఉంటదా? ఇంకోటి, ఒక క్లినిక్ వాళ్ళు స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతోని పూర్తిగ నయం చేస్తమంటున్నరు. లక్షల్ల అడుగుతున్నరు. మా బావ పొలం కుదువ పెడ్తనంటున్నడు.

విశ్వనాథం_మేష్టారు_బరంపురం:
లక్ష్మమ్మా, ముందు ఆ పొలం సంగతి. కుదువ పెట్టనివ్వకండి. ఈ జబ్బుని నయం చేస్తుందని రుజువైన మందు ఈ రోజుకి ప్రపంచంలో ఎక్కడా లేదు, స్టెమ్ సెల్స్‌తో సహా. "పూర్తిగా నయం" అన్న మాట వినగానే అక్కణ్ణుంచి లేచి వచ్చేయాలి.

మంచి శాస్త్రవేత్తలు, చిత్తశుద్ధితో పనిచేసినవాళ్ళు కూడా ఇక్కడ ఎలా దెబ్బతిన్నారో చూడండి. నార్వేలో బెర్గెన్ నగరంలో ఫ్లూగే, మెల్లా అనే ఇద్దరు క్యాన్సర్ డాక్టర్లు రిటుక్సిమాబ్ అనే మందు పరీక్షించారు. 2011లో 30 మందిలో మందు తీసుకున్న 15 మందిలో 10 మందికి మేలు కనబడింది, ఉత్తి సెలైన్ తీసుకున్న 15 మందిలో ఇద్దరికే. ప్రపంచమంతా ఆశపడింది. వాళ్ళే 151 మందితో పెద్ద పరీక్ష చేసి 2019లో ఫలితం ప్రకటించారు. మందు తీసుకున్నవాళ్ళలో నూటికి 26 మందికి, ఉత్తి సెలైన్ తీసుకున్నవాళ్ళలో నూటికి 35 మందికి మేలు. మందు పనిచేయలేదని దాచకుండా చెప్పారు. వాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది అందుకే. ఉత్తి సెలైన్‌తోనే నూటికి 35 మందికి బాగుందనిపించే జబ్బులో, ఏ క్లినిక్ అయినా "మా దగ్గర పలానా ఆవిడకి తగ్గింది" అని చూపించగలదు. ఇప్పుడు అదే బృందం డారాటుముమాబ్ అనే మరో మందు పదిమందికి ఇస్తే ఆరుగురికి బాగా మెరుగైందని 2025లో రాసింది. పదిమంది సరిపోరు. పెద్ద పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగాలి. నాల్ట్రెక్సోన్ అనే ఇంకో మందుని తక్కువ మోతాదులో కొందరు డాక్టర్లు రాస్తున్నారు, కొందరికి ఉపశమనం అంటున్నారు, దాని రుజువు కూడా ఇంకా పలచగానే ఉంది.

మీ మొదటి ప్రశ్నకి జవాబు ఆస్ట్రేలియాలో డబ్బో అనే ఊళ్ళో ఉంది. మూడు రకాల ఇన్‌ఫెక్షన్లు వచ్చిన 253 మందిని కనిపెట్టి చూసి 2006లో ప్రచురించారు. అందులో ఒకటి రాస్ రివర్ వైరస్, దోమల ద్వారా వచ్చేదే, చికున్‌గున్యా కుటుంబానిదే. ఆరు నెలలకి నూటికి 11 మందికి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ లక్షణాలు సరిపోయాయి. ఏ క్రిమి అన్నది, రోగి మనస్తత్వం ఎలాంటిదన్నది అంతగా తేడా చూపలేదు. మొదటి జబ్బు ఎంత తీవ్రంగా వచ్చిందన్నదే ఎక్కువ తేడా చూపింది. మీ చెల్లెలు మనసు బలహీనమై పడిపోలేదని ఇంట్లో అందరికీ ఈ ముక్క చెప్పండి.

సుజాత_జయపురం:
లక్ష్మీ, నిలబడితే దడ అన్నావు కదా, అది కొలవొచ్చు. చెల్లెల్ని పది నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి నాడి, బీపీ రాసుకో. తర్వాత గోడకి భుజాలు మాత్రం ఆనించి, మడమలు గోడకి జానెడు కంటే కాస్త తక్కువ దూరంలో పెట్టి నిలబడమను. కాళ్ళు కదపకూడదు, మాట్లాడకూడదు. పది నిమిషాలు, నిమిషానికోసారి నాడి రాయాలి. వేలికి పెట్టే ఆక్సీమీటరు చాలు. పక్కన ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి, కళ్ళు చీకట్లు కమ్మితే వెంటనే పడుకోబెట్టేయాలి. ఇప్పటికే మంచం దిగలేని స్థితిలో ఉంటే ఇంట్లో చేయొద్దు.

బీపీ పెద్దగా పడకుండా నాడి 30 పైన పెరిగి అలాగే ఉంటే పాట్స్ అనే సమస్య కావచ్చు, 12 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకైతే 40 పెరగాలి. ఆ కాగితం తీసుకుని డాక్టరుని కలవండి. రక్తహీనత, థైరాయిడ్ కూడా దడ తెస్తాయి కాబట్టి అవీ చూడాలి. ఇది మంచి వార్త అని ఎందుకంటానంటే, పాట్స్‌కి చేయగలిగినవి ఉన్నాయి. నీళ్ళు, ఉప్పు పెంచడం, కాళ్ళకి బిగుతు మేజోళ్ళు, కొందరికి గుండె వేగం తగ్గించే మాత్రలు. బీపీ ఎక్కువున్నా, కిడ్నీ సమస్య ఉన్నా ఉప్పు పెంచకూడదు, అందుకే డాక్టరుని అడగాలి. అసలు జబ్బు నయం కాకపోయినా ఈ దడ, నిద్ర, నొప్పి ఒక్కొక్కటీ తగ్గించుకుంటే రోజులో మరో గంట కూర్చోగలుగుతారు.

ప్రసాద్_గుణుపూర్:
మేష్టారూ, అసలు కారణం ఎప్పటికైనా దొరుకుతుందా? ఇన్నేళ్ళుగా వెతుకుతున్నారు కదా.

విశ్వనాథం_మేష్టారు_బరంపురం:
వెతికారు, దారి కూడా తప్పారు. 2009లో ఎక్స్.ఎమ్.ఆర్.వి. అనే వైరస్ వల్ల అన్నారు, ల్యాబులో కలుషితం వల్ల కనబడిందని తేలి 2011లో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు నాకు ఎక్కువ ఆశ ఉన్నది డికోడ్ ఎం.ఇ. అనే జన్యు పరిశోధన మీద. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం ముందుండి, రోగుల్ని కూడా భాగస్వాముల్ని చేసుకుని నడిపింది. 15,579 మంది రోగుల డి.ఎన్.ఎ.ని రెండున్నర లక్షల మందికి పైగా ఇతరులతో పోల్చి, జన్యువుల్లో ఎనిమిది చోట్ల తేడా ఉందని 2025 ఆగస్టులో ప్రకటించారు. వాటిలో కొన్ని రోగనిరోధక శక్తికి, కొన్ని నాడీ వ్యవస్థకి సంబంధించినవి. ఒక్కో తేడా ప్రభావం చిన్నదే, దీన్ని బట్టి రక్తపరీక్ష పెట్టలేం. కానీ ఎక్కడ తవ్వాలో గుర్తు దొరికింది.

నా బాధల్లా ఒకటే. ఆ లెక్కలో ఉన్నవాళ్ళంతా యూరప్ సంతతి. డెంగీ, చికున్‌గున్యా, మలేరియా ఏటా వచ్చిపోయే మన జిల్లాల్లో, జ్వరం తగ్గాక ఆరు నెలలకి రోగి ఎలా ఉన్నాడని ఎవరు అడుగుతున్నారు? బరంపురంలో మెడికల్ కాలేజీ ఉంది, కోరాపుట్‌లో ఉంది. డిశ్చార్జి రాసిన రోగులకి మూడు నెలలకి, ఆరు నెలలకి ఫోను చేసి నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు, డబ్బోలో చేసినలాంటి పని ఇక్కడా మొదలవుతుంది. నాకు తెలిసిన పాత విద్యార్థులు అక్కడ ఉన్నారు, అడుగుతాను.

మీనా_కోరాపుట్:
అడగండి మేష్టారూ. ప్రశ్నలు ఒడియాలో, తెలుగులో, కువిలో కూడా ఉండాలి. కువి మాట్లాడే ఆశా కార్యకర్తలు నాకు తెలుసు, నేను సాయం చేస్తాను.

శ్రీను_రాయగడ:
అందరికీ దండాలు. సికిల్ సెల్ లేదు. ఫెరిటిన్ బాగా తక్కువుంది, డాక్టరు ఐరన్ మొదలుపెట్టారు. సుజాతక్క చెప్పినట్టు దాంతో కొంతైనా తేలిక పడుతుందేమో చూస్తాం, మర్నాడు కుప్పకూలే సంగతి మాత్రం విడిగా రాస్తున్నాం. నడక ఆపేశాం. భానుగారి పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను. నిన్నటి నుంచి పప్పు పొయ్యి మీద తనే పెడుతోంది. ఒక్కటే సమస్య, విశాఖ వెళ్ళొస్తే ఆ ప్రయాణానికే తను పడిపోతోంది. ఏం చేయమంటారు?

సుజాత_జయపురం:
ప్రతిసారీ వెళ్ళక్కర్లేదు తమ్ముడూ. ఈ-సంజీవని అని ప్రభుత్వానిదే, ఫోనులో డాక్టరుతో మాట్లాడొచ్చు, ఉచితం. ఆ పుస్తకం, రిపోర్టులు ఫోటో తీసి దగ్గర పెట్టుకో. ముందు నువ్వు మాట్లాడు, తనని చివర రెండు నిమిషాలు మాట్లాడించు. తప్పక వెళ్ళాల్సి వస్తే రైల్లో పడుకునే బెర్తు తీసుకో, ఆసుపత్రిలో ముందే చక్రాల కుర్చీ అడుగు, వచ్చిన మర్నాడు, ఆ పై రోజూ ఏ పనీ పెట్టుకోకండి. ఐరన్ మాత్ర టీతో వేయొద్దని చెప్పు, నిమ్మరసంతో అయితే ఒంటికి బాగా పడుతుంది.